దేశ సగటులా, వ్యక్తుల జవాబులా: పరిశోధనకు ఏది మేలు?

సంపన్న దేశాల ప్రజలు తోటివారిని ఎక్కువగా నమ్ముతారా అన్న ప్రశ్నతో పని మొదలుపెట్టిన విద్యార్థి ముందు రెండు రకాల దత్తాంశాలు ఉంటాయి. ప్రపంచ బ్యాంకు అభివృద్ధి సూచికలలో ఏడాదికి, దేశానికి ఒక్కొక్క అంకె దొరుకుతుంది. 1981లో మొదలైన ప్రపంచ విలువల సర్వేలో దేశానికి సాధారణంగా వెయ్యికి పైగా మనుషుల జవాబులు, వారి వయసు, చదువులతో సహా విడివిడిగా దొరుకుతాయి. మొదటిది చేతికి సులువు. 1960 నుంచి వరుస ఉంటుంది. అయినా మనుషుల గురించి మాట్లాడదలిస్తే రెండవదే మేలని నా నిశ్చితాభిప్రాయం.

కారణం 1950లోనే సామాజిక శాస్త్రవేత్త విలియం రాబిన్సన్ చూపించాడు. అమెరికా 1930 జనగణనను రాష్ట్రాలవారీగా లెక్కిస్తే, విదేశాల్లో పుట్టినవారు ఎక్కువగా ఉన్నచోట నిరక్షరాస్యత తక్కువగా ఉంది. రెండు విషయాలు ఎంతగా కలిసి మారుతాయో మైనస్ 1 నుంచి ప్లస్ 1 దాకా చెప్పే అంకె, సహసంబంధం, మైనస్ 0.53. అదే వ్యక్తులవారీగా లెక్కిస్తే ప్లస్ 0.12 వచ్చింది, అంటే వలస వచ్చినవారిలోనే నిరక్షరాస్యత కొంత ఎక్కువ. వారు స్థిరపడినవి స్థానికుల అక్షరాస్యత ఎక్కువగా ఉన్న రాష్ట్రాలు కావడంతో సగటు తలకిందులుగా చూపింది.

సగటు అంకెకు మరో బలహీనత ఉంది. 2014 ఏప్రిల్‌లో నైజీరియా, దేశ ఉత్పత్తి లెక్కకు ప్రమాణంగా పట్టే ఆధార సంవత్సరాన్ని 1990 నుంచి 2010కి మార్చినప్పుడు, 2013 స్థూల దేశీయోత్పత్తి అంచనా సుమారు 89 శాతం పెరిగింది. ఆ మార్పుతో ఏ ఇంటి ఆదాయమూ పెరగలేదు.

సర్వేలనూ కళ్లు మూసుకుని నమ్మలేము. ‘చాలామందిని నమ్మవచ్చా, లేక మనుషులతో చాలా జాగ్రత్తగా ఉండాలా’ అని అడిగే ప్రసిద్ధ ప్రశ్ననే తీసుకోండి. తెలుగువారికి నమ్మకమూ జాగ్రత్తా ఎదురుబొదురు మాటలు కావు. ఇష్టమైన బంధువుకు అప్పిస్తూ కూడా నోటు రాయించుకుంటాము. పైగా ఒక్కొక్కరి జవాబుకు జనాభాలో వారిలాంటివారి వాటాను బట్టి ఇచ్చే విలువను భారం అంటారు. భారాలు వేయకుండా తీసిన సగటు ఆ దేశానిది కాదు, సర్వేకు ఎంచుకున్న ఆ కొద్దిమందిది మాత్రమే. మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మహిళల ఫైలులో ఆ భారం వి005 (V005) అనే నిలువు వరుసలో ఉంటుంది. దానిని పది లక్షలతో భాగించి వాడాలి.

పన్నుల రాబడి, ఎగుమతులు, విద్యుదుత్పత్తి వంటివి ఏ కుటుంబాన్ని అడిగినా తెలియవు కనుక అక్కడ దేశస్థాయి అంకెలే శరణ్యం. అయితే జనన మరణాల నమోదు సరిగా లేని దేశాలలో శిశు మరణాల అంచనా చాలావరకు కుటుంబ సర్వేల నుంచే వస్తుంది. అలాంటప్పుడు సర్వేను, దాని నుంచి పుట్టిన అంచనాను రెండు వేర్వేరు సాక్ష్యాలుగా చూపడం తప్పు.

మొదటి ప్రశ్నకు నేనైతే వ్యక్తుల జవాబులను ఆధారంగా తీసుకుని, ప్రతి మనిషి వరుసలో అతని దేశపు తలసరి ఆదాయాన్ని చేరుస్తాను. అప్పుడు వ్యక్తుల మధ్య తేడాలను, దేశాల మధ్య తేడాలను వేరువేరుగా లెక్కించే బహుళస్థాయి గణాంక పద్ధతి (మల్టీలెవల్ మోడల్) వాడక తప్పదు, ఎందుకంటే అరవై దేశాల నుంచి ఎనభై వేల మంది జవాబులు ఉన్నా, దేశ ఆదాయం విషయంలో మన చేతిలో ఉన్నవి అరవై పరిశీలనలే.