లోన్ గ్యారంటీ అనేవారికి డబ్బు కట్టేముందు ఇది చదవండి

కొత్తగా వ్యాపారం పెట్టాలనుకుంటున్న అక్కచెల్లెళ్లూ, అన్నదమ్ములూ, ప్రాజెక్టు రిపోర్టు రాసిపెట్టి లోన్ ఇప్పిస్తామనే కన్సల్టెంట్ల దగ్గర జాగ్రత్త. నాకు 28,000 రూపాయలూ ఐదు నెలల కాలమూ పోయాయి.

మాది అనంతపురం జిల్లాలో ఒక పల్లె. ఇంటి వెనుక షెడ్డులో గానుగ నూనె యూనిట్ పెట్టాలనుకున్నాను. అంచనా 9 లక్షలు. కొత్త యూనిట్ల లోన్లకు సబ్సిడీ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ పథకం పీఎంఈజీపీ కింద పల్లెలో యూనిట్ పెట్టే మహిళకు 35 శాతం సబ్సిడీ ఉంది, సొంత వాటా 5 శాతమే. "3,15,000 నేరుగా మీ చేతికొస్తుంది, లోన్ గ్యారంటీ" అన్నాడు ఒక కన్సల్టెంటు. రిపోర్టుకు 25,000, చిన్న వ్యాపారాలను ప్రభుత్వం దగ్గర నమోదు చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు 3,000 తీసుకున్నాడు. రసీదు ఇవ్వలేదు, నేనూ అడగలేదు.

బ్యాంకు మేనేజరు రిపోర్టు తిరగేస్తూ పదకొండో పేజీ దగ్గర ఆగి, దాన్ని నా వైపు తిప్పారు. ముడిసరుకు కింద పేపర్ ప్లేట్ల షీట్లు అని ఉంది! ఎవరి రిపోర్టుకో నా పేరు తగిలించి ఇచ్చాడు. ఆ తర్వాతి పేజీలో వంద కిలోల వేరుశనగ పప్పుకు డెబ్బై కిలోల నూనె చూపించాడు. పప్పు బరువులో నూనె ఉండేదే సగం దాకా. గానుగలో అదీ పూర్తిగా దిగదు, కొంత చెక్కలో, అంటే నూనె తీశాక మిగిలే పిప్పిలో, ఉండిపోతుంది. ఆ చెక్క అమ్మితే వచ్చే డబ్బు మాత్రం లెక్కలో ఎక్కడా లేదు. "రోజుకు ఎన్ని కిలోలు ఆడిస్తారమ్మా? పప్పు ధర పెరిగితే వాయిదా ఎలా కడతారు?" అని మేనేజరు అడిగితే ఒక్క జవాబూ చెప్పలేకపోయాను. తల కొట్టేసినట్లయింది.

జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్లాక అసలు సంగతులు తెలిశాయి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం. పీఎంఈజీపీ దరఖాస్తుకూ ఫీజు లేదు. నమూనా రిపోర్టులు ఈ పథకాన్ని నడిపే ఖాదీ కమిషన్ వెబ్‌సైట్‌లోనే ఉన్నాయి. సబ్సిడీ ఎవరి చేతికీ రాదు. మూడేళ్లు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉండి, యూనిట్ నడుస్తోందని తనిఖీ చేశాక లోను ఖాతాకు జమవుతుంది. లోను ఇవ్వాలా వద్దా అన్నది బ్యాంకు నిర్ణయం, లోన్ వస్తుందని బయటివాళ్లెవరూ గ్యారంటీ ఇవ్వలేరు.

ఆ కన్సల్టెంటు ఇప్పుడు ఫోను ఎత్తడం లేదు. నేను పక్క ఊరి గానుగ దగ్గర కూర్చుని, ఎంత పప్పుకు ఎంత నూనె దిగుతోందో, కరెంటు ఎంత కాలుతోందో నోటుబుక్కులో రాసుకుంటున్నాను. వచ్చే నెల ఈ లెక్కతోనే బ్యాంకుకు వెళ్తాను.

మీరు ఇప్పటికే ఎవరికైనా డబ్బు కట్టి ఉంటే, ఈ రాత్రే ఆ రిపోర్టు తీసి ముడిసరుకు పేజీ చూడండి. నాలాగా మేనేజరు ముందు కూర్చున్నాక చూసుకోవద్దు.