పిల్లలకు ఎస్జీపీటీ పెరిగితే: వెంటనే వైజాగ్ వెళ్లాలా, ఇక్కడే మళ్లీ పరీక్ష చేయించాలా?

మా బాబుకి ఏడేళ్లు. జ్వరం నాలుగు రోజులైనా తగ్గకపోతే శ్రీకాకుళంలోనే పిల్లల డాక్టరుగారు రక్తపరీక్షలు రాశారు. ఎస్జీపీటీ (లివర్ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) 186, పక్కన పైకి బాణం గుర్తు. ఆ రాత్రి వాడు నిద్రపోతుంటే సెల్‌ఫోన్ లైటు వేసి, రెప్పలు ఎత్తి, కళ్లు పచ్చబడ్డాయేమోనని రెండుసార్లు చూశాను. (పసుపు పగటి వెలుతురులోనే సరిగా తెలుస్తుంది.) అప్పట్నుంచి తెలిసినవాళ్లంతా ఒకటే అడుగుతున్నారు, వైజాగ్ ఎందుకు తీసుకెళ్లలేదని.

వైజాగ్‌లో పెద్ద డాక్టర్లుంటారు, పరీక్షలన్నీ ఒకచోటే అవుతాయి. అది నిజం. కానీ జ్వరంతో నీరసించిన పిల్లాణ్ణి వంద కిలోమీటర్లు తిప్పాలి. వైరల్ జ్వరాల్లో ఎస్జీపీటీ పెరిగి, కొన్ని వారాల్లో దానంతటదే దిగడం మామూలే. అదే రిపోర్టులో ఉండే ఇంకో ఎంజైమ్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అయితే ఎముకలు ఎదిగే వయసు కాబట్టి పిల్లల్లో పెద్దవాళ్లకంటే ఎక్కువే ఉంటుంది. రిపోర్టులో అచ్చేసిన హద్దులు పెద్దవాళ్లవైతే అనవసరంగా టెన్షన్ పడతాం.

నన్నడిగితే ఎటు వెళ్లాలో తేల్చేది ఎస్జీపీటీ కాదు, పీటీ ఐఎన్ఆర్, అంటే రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చూసే పరీక్ష. లివర్ కణాలు దెబ్బతిన్నాయని ఎస్జీపీటీ చెబుతుంది. లివర్ తన పని చేస్తోందా అన్నది ఐఎన్ఆర్ చెబుతుంది, ఎందుకంటే రక్తం గడ్డకట్టే పదార్థాలు చాలావరకు తయారయ్యేది అక్కడే. ఎస్జీపీటీ దిగుతూ ఐఎన్ఆర్ ఎక్కుతుంటే అది కోలుకోవడం కాదు, ప్రమాదం. మామూలు ఎల్ఎఫ్‌టీలో (లివర్ పరీక్షల సెట్‌లో) చాలాచోట్ల ఈ పరీక్ష ఉండదు, అడిగి చేయించుకోవాలి. మా వాడికి 1.1 వచ్చింది, అంటే మామూలుగానే ఉంది. ఆటలకు లేస్తున్నాడు, అన్నం తింటున్నాడు. అందుకే ఆగాం.

ఆ రోజుల్లోనే ఇంకోటి తెలిసింది. నేను పోస్తున్న జ్వరం సిరప్‌లోనూ జలుబు సిరప్‌లోనూ పారాసిటమాల్ ఉంది, మోతాదు మించితే లివర్‌నే దెబ్బతీసే మందు! సీసాలు రెండూ పక్కపక్కన పెట్టి వెనకాల చదివితే నా చేతులు వణికాయి. మోతాదు బరువును బట్టి ఉండాలి: పూటకు కిలోకి 15 మిల్లీగ్రాములు దాటకూడదు. డాక్టరుగారు వెంటనే జలుబు సిరప్ ఆపించారు. రెండు వారాలకు అదే ల్యాబ్‌లో ఎస్జీపీటీ 71, మరో నెలకు 32.

"పసరు పోయించకుండా ఊరుకున్నారేటమ్మా?" అని మా అత్తగారు అడిగారు. ఏ ఆకు ఎంత నూరారో తెలియని మందు, అదీ లివర్ నీరసంగా ఉన్నప్పుడు, నేను పోయను.

అయితే ఆగకూడని సందర్భాలున్నాయి. ఐఎన్ఆర్ 1.5 దాటినా, పిల్లలు మత్తుగా పడుకుంటున్నా, మాట తీరు మారినా, వాంతులు ఆగకపోయినా రాత్రైనా సరే బయల్దేరాలి. పసికందుకు రెండు వారాలు దాటినా కామెర్లు తగ్గక, దొడ్డికి తెల్లగా వెళ్తుంటే అసలు ఆగొద్దు. పిత్తనాళాలు మూసుకుపోయే జబ్బయితే రెండు నెలల్లోపు ఆపరేషన్ జరిగితేనే ఫలితం బాగుంటుంది.

ఎస్జీపీటీ నెలల తరబడి దిగకపోయినా స్పెషలిస్టుకు చూపించాల్సిందే. అప్పుడు సీపీకే (కండరాలు దెబ్బతింటే పెరిగే ఎంజైమ్) సంగతి కూడా అడగండి. ఎస్జీపీటీ, దానికి తోడుగా చూసే ఎస్జీఓటీ కండరాల జబ్బుల్లోనూ పెరుగుతాయి. మెట్లెక్కడానికి, నేలమీంచి లేవడానికి పిల్లలు ఇబ్బంది పడుతుంటే ఆ మాట డాక్టరుకు తప్పకుండా చెప్పండి. వెళ్లేటప్పుడు రిపోర్టులు తేదీల వరుసలో పెట్టుకుని, వాడిన సిరప్ సీసాలు కూడా సంచిలో వేసుకోండి.