రోడ్డు బూట్లా, ట్రైల్ బూట్లా?

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ప్రాంతాలలో పరుగు మొదలుపెట్టే మన తెలుగువారికి ఊరు దాటగానే తారురోడ్డు, ఎర్రమట్టి బాట, కొండవాలు వరుసగా ఎదురవుతాయి కనుక, తారురోడ్డుకు తగిన రోడ్డు బూట్లు కొనాలా, మట్టిబాటకూ కొండవాలుకూ తగిన ట్రైల్ బూట్లు కొనాలా అన్న సందేహం సహజమే.

అడుగుభాగం: రోడ్డు బూటు అడుగు దాదాపు చదునుగా ఉండి, మెత్తని ఫోముతో గట్టినేల అదురును తగ్గిస్తుంది. ట్రైల్ బూటుకు సాధారణంగా 3 నుంచి 5 మిల్లీమీటర్ల ఎత్తున్న రబ్బరు గుబ్బలు ఉంటాయి. శ్రావణమాసపు వానకు ఎర్రమట్టి జారుడుబారినప్పుడు అవి నేలలో దిగి పట్టునిస్తాయి, అదే బాటలో రోడ్డు బూటు అడుగుకు మట్టి అంటుకొని కాలు పక్కకు జారి చీలమండ మెలికపడే ప్రమాదం ఉంది.

శ్రమ: ట్రైల్ బూటు తరచుగా బరువెక్కువ కనుక, పరుగులో శ్రమ కొంత పెరుగుతుంది.

ఖర్చు: ట్రైల్ రకం ధర సాధారణంగా ఎక్కువే, పైగా తారు మీద గుబ్బలు త్వరగా అరిగిపోతాయి. రోడ్డు బూట్లు 500 నుంచి 800 కిలోమీటర్ల వరకు పనికివస్తాయి.

కొలత: ఏ రకమైనా, పాదాలు కొద్దిగా ఉబ్బే సాయంత్రం పూట, మేజోళ్ళతోనే తొడిగి చూడాలి. పొడవైన వేలి ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ లేకపోతే, వాలు దిగేటప్పుడు వేళ్ళు బూటుకు తగిలి గోళ్ళు నల్లబడవచ్చు.

అగ్నివీర్ ఎంపికలోని 1.6 కిలోమీటర్ల పరుగుకు మైదానంలో సాధన చేసేవారికి తేలికైన రోడ్డు బూట్లే మేలు. మహేంద్రగిరి వాలులలో పరుగెత్తేవారికి ట్రైల్ బూట్లు తప్పనిసరి అని నా అభిప్రాయం. ఒక్క జతే కొనగలిగినవారు రోడ్డు రకం తీసుకొని, వానాకాలంలో మట్టిబాట మానుకోవడం మంచిది.