అనంతగిరి ఘాట్‌లో హబ్ మోటారా, మిడ్ డ్రైవా?

ఎలక్ట్రిక్ సైకిల్ కొనడానికి ఏ షాపుకెళ్ళినా ఒకటే మాట: "250 వాట్లు సార్, ఏ ఎత్తయినా ఎక్కేస్తది." లైసెన్సు, రిజిస్ట్రేషను అక్కర్లేని సైకిళ్ళకు మన దగ్గర పరిమితే 250 వాట్లు, గంటకు 25 కిలోమీటర్లు. ఇక ఆ అంకె లేని సైకిలు ఎక్కడుంటుంది? కొండ ఎక్కేదేదో దాన్ని చూసి తేల్చలేం. నా సైకిలుకు వెనక చక్రంలోనే హబ్ మోటారు ఉంది. మా బావమరిది తన పాత గేర్ల సైకిలుకు పెడల్స్ దగ్గర బఫాంగ్ కంపెనీ మిడ్ డ్రైవ్ మోటారు కిట్టు బిగించుకున్నాడు. రెండూ తీసుకుని ముందు హైదరాబాద్ సిటీలో, తర్వాత వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల్లో తొక్కాం.

ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాకు తొక్కడానికి హాయిగా ఉంటుంది కానీ ఈ పరీక్షకు పనికిరాదు. బంజారాహిల్స్ నయం. సిటీలో ఎత్తైన చోటు అదే, 672 మీటర్లు. రోడ్ నంబర్ 12 ఎక్కేటప్పుడు నా హబ్ మోటారు ఎక్కడా మొరాయించలేదు. ఇక్కడి ఎత్తులు పొట్టివి. కాసేపు ఎక్కగానే ఒక సిగ్నలో, చదును రోడ్డో వస్తుంది, మోటారు చల్లబడుతుంది. మన ట్రాఫిక్ వల్ల మేలు జరిగిందని నేను ఒప్పుకునే సందర్భం ఇదొక్కటే. బిర్లా మందిర్‌కు పోయే నౌబత్ పహాడ్ రోడ్డు మాత్రం నిటారుగా ఉంటుంది. అక్కడ నేను గట్టిగా తొక్కాల్సి వచ్చింది. బావమరిది చిన్న గేరు వేసుకుని మాట్లాడుతూ ఎక్కాడు.

తేడా ఎక్కడుందో లెక్క వేస్తే తెలుస్తుంది. మనిషి, సైకిలు కలిపి 100 కిలోలు అనుకుందాం. 100 మీటర్లకు 10 మీటర్లు లేచే రోడ్డులో బరువు వెనక్కి లాగే బలమే దాదాపు 98 న్యూటన్లు. చక్రం సగం వ్యాసం 35 సెంటీమీటర్లు కాబట్టి ఇరుసు దగ్గర 34 న్యూటన్ మీటర్ల టార్క్ (చక్రాన్ని తిప్పే బలం) కావాలి. మామూలు హబ్ మోటార్లు ఇచ్చేది 30 నుంచి 45. అంటే ఉన్నదాంట్లో చాలావరకు అక్కడే ఖర్చు. పైగా హబ్ మోటారుకు సైకిలు గేర్లతో సంబంధం లేదు. వేగం తగ్గేకొద్దీ కరెంటులో ఎక్కువ భాగం వేడిగా పోతుంది.

మిడ్ డ్రైవ్ బలం చైను మీదుగా వెళ్తుంది. 80 న్యూటన్ మీటర్ల మోటారు ఉందనుకోండి. ముందు 42 పళ్ళు, వెనక 42 పళ్ళు ఉంటే చక్రానికి ఆ 80 మొత్తం అందుతుంది. అదే వెనక 14 పళ్ళ మీద చైను ఉంటే 27 కూడా దాటదు, నా హబ్ కంటే తక్కువ. మిడ్ డ్రైవ్ కొని గేరు మార్చకుండా తొక్కేవాళ్ళకు ఈ సంగతి ఎవరూ చెప్పరు.

అనంతగిరికి అప్పా జంక్షన్ నుంచి మొయినాబాద్, చేవెళ్ల, మన్నెగూడ మీదుగా వికారాబాద్ దాకా సైకిళ్ళను కారు వెనక కట్టుకుని వెళ్ళాం. చేవెళ్ల దారిలో మర్రిచెట్ల నీడ కోసమైనా ఆ రూటే మంచిది. శని, ఆదివారాలు వద్దు. సిటీ కార్లన్నీ ఘాట్‌లోనే ఉంటాయి, మలుపుల్లో సైకిలుకు చోటివ్వరు.

ఘాట్ మొదట్లో నేనే ముందున్నాను. మలుపులు మొదలయ్యాక ఆగే చోటు లేదు, చదును లేదు. సగం దాటాక మోటారుకు కరెంటు అందించే కంట్రోలరు దాన్ని తగ్గించేసింది. వేడెక్కితే అది అలాగే చేయాలి, లేకపోతే మోటారు లోపల తీగ చుట్టలు (వైండింగు) మాడిపోతాయి. కానీ పాతిక కిలోల ఇనుమును కాళ్ళతో పైకి నెట్టేవాడికి ఆ న్యాయం తలకెక్కదు. వెనక నుంచి బావమరిది నన్ను దాటుతూ, "బావా, ఎక్కకముందే గేర్ దించాలె, ఎక్కినంక కాదు" అన్నాడు. నా మోటారుకు గేర్లతో పనిలేదని తెలిసే అన్నాడు. అతనికీ అంతా సాఫీగా ఏం సాగలేదు. మోటారు లాగుతుండగా గేరు మార్చినప్పుడల్లా చైను టకటకమని కొట్టుకుంది. ఘాట్లు ఎక్కువ తొక్కితే చైను, వెనక పళ్ళ చక్రాలు తొందరగా అరుగుతాయి.

బసకు టూరిజం వాళ్ళ హరిత రిసార్టు కొండ మీదే ఉంది. పొద్దున్నే తొక్కాలనుకునేవాళ్ళకు దూరం కలిసొస్తుంది. మేం కింద ఒక ప్రైవేటు రిసార్టులో దిగాం. గది శుభ్రం, నాటుకోడి కూర బాగుంది. బ్యాటరీ చూడగానే మేనేజర్‌కు టెన్షన్ మొదలైంది, గదిలో చార్జింగ్ వద్దన్నాడు. చివరికి రిసెప్షన్ పక్కన ప్లగ్గు ఇచ్చారు, రాత్రి పదికి దాన్నీ ఆపేశారు. 36 వోల్టుల, 10 ఆంపియర్ అవర్ల బ్యాటరీ నిండడానికి అర యూనిట్ కరెంటు చాలు, కాకపోతే 2 ఆంపియర్ల చార్జరుతో ఐదారు గంటలు పడుతుంది. గది బుక్ చేసే ముందే ఫోనులో ఈ విషయం తేల్చుకోండి.

రిపేరు సంగతికొస్తే వికారాబాద్‌లో నా వెనక టైరు పంక్చరైంది. మోటారు వైరు చూసి పంక్చరు షాపతను చెయ్యి కూడా పెట్టలేదు. నేనే నట్లు విప్పి ట్యూబు బయటికి లాగి ఇస్తే ప్యాచ్ వేశాడు. మిడ్ డ్రైవ్‌కు వెనక చక్రం మామూలుదే, ఎవరైనా విప్పుతారు. మోటారే పాడైతే మాత్రం దాని విడిభాగాల కోసం సిటీలో కూడా ఎదురుచూడాల్సిందే, హబ్‌కు అంత ఇబ్బంది లేదు. ఆఫీసుకు, కూరగాయలకు నేను ఇప్పటికీ హబ్‌నే తొక్కుతాను. మళ్ళీ ఘాట్‌కు వెళ్తే బావమరిది సైకిలు అడుగుతాను, వాడు ఇస్తే.

దిగేటప్పుడు రెండు సైకిళ్ళకూ తేడా లేదు. బరువు మామూలు సైకిలు కంటే ఎక్కువ కాబట్టి డిస్క్ బ్రేకులు లేకుండా ఆ మలుపుల్లోకి వెళ్ళొద్దు, బయల్దేరే ముందు ప్యాడ్లు ఎంత మిగిలాయో చూసుకోండి.