పిల్స్నర్ తాగడానికి పిల్సెన్: ఒక రాత్రి ఆగాలా?

పిల్స్నర్ అనే చేదు బీరు మీద మోజుతో చెక్ దేశం వెళ్లేవాళ్లు ఎక్కువగా ప్రాగ్‌లోనే మకాం పెట్టి, అది పుట్టిన ఊరు పిల్సెన్‌ను పొద్దున వెళ్లి సాయంత్రానికి చుట్టేసి వస్తారు. దూరం సుమారు 90 కిలోమీటర్లు, రైల్లో గంటన్నర. వెళ్లొచ్చు కానీ బ్రూవరీ టూరే గంటన్నర పైన పడుతుంది కాబట్టి, పబ్బుల్లో తీరిగ్గా కూర్చోవాలంటే ఒక రాత్రి ఆగడమే మేలు. స్టేషన్‌కూ రిపబ్లిక్ చౌక్‌కూ మధ్య గది తీసుకుంటే బ్రూవరీ, పబ్బులు అన్నీ నడిచేంత దూరమే. కారు జోలికి పోవద్దు. అక్కడ బండి నడిపేవాళ్లు ఒక్క గుక్క తాగినా తప్పే.

పిల్స్నర్ ఉర్క్వెల్ బ్రూవరీలో ఇంగ్లీష్ టూర్లు నిర్ణీత వేళల్లోనే ఉంటాయి, టికెట్ ముందే తీసుకోవాలి. బాట్లింగ్ హాలు వగైరా చూశామంటే చూశామన్నట్టే. అసలు సరుకంతా నేలమాళిగల్లో ఉంది. ఎండాకాలంలోనూ చలే, స్వెట్టర్ మరవద్దు. అక్కడ ఓక్ పీపాలోంచి వడకట్టని బీరు పట్టి ఇస్తారు. బవేరియా నుంచి వచ్చిన జోసెఫ్ గ్రోల్ 1842 అక్టోబర్ 5న పిల్స్నర్ మొదటి వాయి కాచింది ఈ ఊళ్లోనే. లవణాలు బాగా తక్కువున్న ఇక్కడి నీటివల్ల హాప్స్ (బీరుకు చేదు, వాసన ఇచ్చే పువ్వులు) చేదు గొంతులో గీరుకోదు. పైగా ఇందులో వాడే జాటెట్స్ ప్రాంతపు హాప్స్‌లో చేదునిచ్చే ఆల్ఫా ఆమ్లాలు 3-4 శాతమే. చాలినంత చేదు రావాలంటే హాప్స్ దండిగా వేయాలి, దాంతో పచ్చిగడ్డి, మసాలా వాసన కూడా దండిగా దిగుతుంది.

టూర్ అయ్యాక భోజనానికి బ్రూవరీ ఆవరణలోని ‘నా స్పిల్ట్సే’ రెస్టారెంటు అనుకూలం, కానీ పెద్ద హాలు, గుంపుల సందడి. రుచి మీద దృష్టి పెట్టాలంటే బీర్ మ్యూజియం పక్కనున్న ‘నా పార్కాను’ పబ్బు మెరుగు. అక్కడ వడకట్టనిది దొరుకుతుంది. వడకట్టినది ముందు, ఇది తర్వాత తాగండి. ఈస్ట్ వల్ల చేదు గుండ్రంగా, బ్రెడ్డు వాసనతో తగులుతుంది.

మన దగ్గర నురగ ఎక్కువైతే మోసం అనుకుంటాం. అక్కడ బీరును హ్లాడింకా పద్ధతిలో పోయమని అడిగితే మూడు వేళ్ల మందాన చిక్కటి నురగ ఉండి తీరాలి. ముందు నురగ పోసి దాని కిందకు బీరు వదులుతారు, వాసన ఎగిరిపోకుండా అదే మూత. ష్నిట్ అంటే నురగ ఇంకా ఎక్కువ, మ్లీకో దాదాపు అంతా నురగే. సుమారు 7 డిగ్రీల దగ్గర ఇస్తారు. మనకు అలవాటైన గడ్డకట్టే చల్లదనంలో హాప్స్ వాసన చచ్చిపోతుంది. గ్లాసు లోపలి గోడకు బుడగలు అంటుకుని ఉంటే జిడ్డు వదల్లేదన్నమాట, మార్చమనండి.

ప్రాగ్‌లో ఊ జ్లతేహో టిగ్రా పబ్బు పేరున్నదే, అయితే మధ్యాహ్నం 3కు తలుపు తీసేసరికి అక్కడ ఉండకపోతే సీటు కష్టం. కొత్తవాళ్లకు డ్లౌహా వీధిలోని లోకాల్ పబ్బు సులువు. ట్యాంకు బీరు (పాశ్చరైజ్ చేయకుండా బ్రూవరీ నుంచి ట్యాంకుల్లో వచ్చేది), మాంసం తిననివాళ్లకు వేయించిన చీజ్ దొరుకుతాయి. తాగిన గ్లాసులకు గీతలు గీసి బల్ల మీద పెట్టే చీటీయే బిల్లు, పారేయకండి.

ఇదే చేదును ఉత్తర జర్మనీ పిల్స్నర్ యేవర్‌తో పోల్చి చూడాల్సిందే. ఉర్క్వెల్‌లో పులియకుండా మిగిలిన మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) తీపి చేదుకు దిండు వేస్తుంది. యేవర్ పొడిగా ముగుస్తుంది, చేదు నాలుక మీద అలాగే నిలుస్తుంది. ఉర్క్వెల్‌లో లీలగా వెన్న వాసన మామూలే, జర్మన్ పిల్స్‌లో అదే వస్తే లోపం.

ఇంటికి తెచ్చుకునేవి డబ్బాల్లో కొనండి. ఆకుపచ్చ సీసా వెలుతురును ఆపలేదు. హాప్స్‌లోని చేదు పదార్థాలు కాంతికి విరిగి గంధకం కంపు పుడుతుంది, షాపు దీపాల కింద నిలబెట్టిన సీసాకైనా ఇదే గతి.