ఎస్‌డీఆర్ అనిపించుకునేది ఏది: ఐకామ్ ఐసీ-7300, కెన్‌వుడ్ టీఎస్-590ఎస్

ఇవి రెండూ హామ్ రేడియో సెట్లు. ఎస్‌డీఆర్ అంటే సిగ్నల్ పనిని ఎక్కువగా సాఫ్ట్‌వేర్ లెక్కలతో చేసే రేడియో. రెండిట్లోనూ డీఎస్‌పీ (అంకెలుగా మారిన సిగ్నల్‌ను లెక్కించే చిప్) ఉంది, రెండూ కంప్యూటర్ లేకుండానే పనిచేస్తాయి. కాబట్టి చూడాల్సింది ఒక్కటే: సిగ్నల్ ఎక్కడ అంకెలుగా మారుతోంది?

2010లో వచ్చిన టీఎస్-590ఎస్ సూపర్‌హెట్, అంటే వచ్చిన సిగ్నల్‌ను మిక్సర్లతో వేరే ఫ్రీక్వెన్సీకి మార్చుకుని పనిచేసే రకం. యాంటెనా సిగ్నల్ మిక్సర్లు, క్రిస్టల్ ఫిల్టర్లు దాటి, చివరి ఐఎఫ్‌కి (మధ్యంతర ఫ్రీక్వెన్సీకి) దిగాకే ఏడీసీకి, అంటే సిగ్నల్‌ను అంకెలుగా మార్చే చిప్‌కి చేరుతుంది. అప్పటికి మిగిలేది సన్నని ముక్కే. సీడబ్ల్యూలో (మోర్స్ కోడ్‌లో) 500 హెర్ట్జ్ రూఫింగ్ ఫిల్టర్ (ముందు దశలోనే పక్క సిగ్నళ్లను ఆపే సన్నని ఫిల్టర్) వేస్తే, పక్కనున్న బలమైన స్టేషన్ చాలావరకు అక్కడే ఆగిపోతుంది. హామ్‌ల పోటీల (కాంటెస్ట్) రాత్రుల్లో ఆ ప్రశాంతత నాకు చాలా ఇష్టం.

2016 నాటి ఐసీ-7300 రిసీవర్‌లో అసలు అనలాగ్ మిక్సర్లే లేవు. బ్యాండ్‌పాస్ ఫిల్టర్ (కావాల్సిన బ్యాండ్‌నే వదిలేది) దాటగానే 14 బిట్ల ఏడీసీ సెకనుకు 12 కోట్లకు పైగా శాంపిళ్లు తీస్తుంది. ఆపైన ట్యూనింగ్, సన్నని ఫిల్టర్లు, డీమాడ్యులేషన్ (సిగ్నల్ నుంచి మాటను బయటికి తీయడం) అన్నీ ఎఫ్‌పీజీఏ (మనకు కావాల్సినట్టు మలచుకోగల చిప్), డీఎస్‌పీలు చేసే లెక్కలే. బ్యాండంతా ముందే అంకెల్లో ఉంది కనుక వాటర్‌ఫాల్ (బ్యాండ్‌లోని సిగ్నళ్లను తెరమీద చూపే కదిలే చిత్రం) అంత స్పష్టంగా, వేగంగా కదులుతుంది. ఇబ్బందీ అక్కడే ఉంది. ఆ ఫిల్టర్ వదిలిన బలమైన సిగ్నళ్లన్నీ కలిసి ఏడీసీ మీద పడతాయి. తెరమీద ఓవీఎఫ్ (ఏడీసీ పొంగిందనే హెచ్చరిక) వెలిగితే ఆర్‌ఎఫ్ గెయిన్ (రిసీవర్ సున్నితత్వం) తగ్గించాలి, లేదా సిగ్నల్‌ను బలహీనపరిచే అటెన్యుయేటర్ వేయాలి.

నా దృష్టిలో 7300 నిస్సందేహంగా ఎస్‌డీఆర్. 590ఎస్ మాత్రం డీఎస్‌పీ ఉన్న మంచి సూపర్‌హెట్. ఆ పేరుతో పిలిస్తే దానికి తక్కువేమీ కాదు.