బ్రాయిలర్ దాణాలో ప్రోపోలిస్, పుప్పొడి, వాము: చాలా బ్యాచ్‌లు వాడి చూశాక

బరువు పెరుగుతుందన్న ఆశతో వీటిని కొంటే నిరాశ తప్పదు. కోడిపిల్లలు మొదటి రెండు వారాలు నిలదొక్కుకోవడానికీ, లిట్టర్ (షెడ్డు నేల మీద పరిచే ఊక) పొడిగా ఉండడానికీ అనుకుంటే మాత్రం పెట్టిన ఖర్చు దండగ కాదు. పెరుగుదల కోసం దాణాలో యాంటీబయాటిక్స్ కలపడాన్ని స్వీడన్ 1986లో, యూరోపియన్ యూనియన్ మొత్తం 2006 నుంచి నిషేధించాయి. ఆ ఖాళీలోకి వచ్చిన ‘సహజ’ పొడులకు లెక్కే లేదు.

వాటిలో నాకు నచ్చింది ప్రోపోలిస్. తేనెటీగలు మొగ్గల మీది, బెరడు మీది జిగురును తెచ్చి, మైనం కలిపి, పట్టులో సందులు పూడ్చుకునే పదార్థం ఇది. దీనితో వేగడం మాత్రం కష్టం. వెచ్చగా ఉంటే వేళ్లను వదలదు, చల్లబడితే పెళుసుగా విరుగుతుంది. ఫ్రీజర్‌లో బాగా గట్టిపడ్డాక తీసి, వెంటనే దంచి, మొక్కజొన్న పిండిలో కలిపితేనే పొడి పొడిగా ఉంటుంది. నీళ్లలో సరిగా కరగదు కనుక తాగే నీళ్లలో పోయమనే సలహా వినకండి, కోళ్లు నీళ్లు తాగే గొట్టాల నిపుల్స్ పూడుకుపోతాయి. తేనెటీగలు వాలిన చెట్లను బట్టి, కాలాన్ని బట్టి దీని గుణం మారుతుంది. ఒకే పేరుతో వచ్చిన రెండు డబ్బాల్లో ఒకటి ముదురు గోధుమ రంగులో ఘాటుగా ఉంటే, రెండోది వాసనే లేకుండా ఉండేది. ఫ్లేవనాయిడ్లు (పనిచేసే పదార్థాలు) ఎంత, విషమైన సీసం ఎంత అని పరీక్ష నివేదిక అడిగి తీసుకోవాలి.

పుప్పొడిలో మాంసకృత్తులు బాగానే ఉన్నా, పుప్పొడి రేణువు పైపొర గట్టిది, అంత తేలిగ్గా అరగదు. పైగా తేమ పీల్చుకుని ఇట్టే బూజు పడుతుంది. బాగా ఎండిన సరుకు దొరికితేనే, అదీ పిల్లలకు మొదట్లో పెట్టే స్టార్టర్ దాణాలో మాత్రమే కలుపుతాను.

వాములో పనిచేసేది థైమాల్ అనే పదార్థం. అది వేడికి ఎగిరిపోతుంది. గుళికలు చేసే పెల్లెట్ యంత్రంలో ఆవిరి పట్టే దాణాలో మామూలు వాము పొడి వేస్తే సగం గాలిపాలే. ఎగిరిపోకుండా పూత పూసిన వాము నూనె రకం కొనాలి, లేదా మాష్ (గుళికలు చేయని పిండి) దాణాలో కలపాలి. లిట్టర్‌లో తేడా కనిపించింది వాముతోనే. నీటి గొట్టాల కింద నుంచి గుప్పెడు తీసి పిండితే, చెయ్యి తెరవగానే విడిపోయేది. షెడ్డులో వాము కలపని వైపు ముద్దగా అంటుకునేది. అమ్మోనియా ఘాటు తగ్గిందని చెప్పడానికి మండని కళ్లే సాక్ష్యం.

వెల్లుల్లి మోతాదు పెరిగితే మాంసానికి వాసన పడుతుంది. పసుపుతో నాకేమీ తేడా తెలియలేదు, అందులో పనిచేసే కర్కుమిన్ ఒంటికి పట్టేదే చాలా తక్కువ.

రెట్టలో రక్తం కనిపిస్తే మాత్రం ఇవేవీ ఆదుకోవు. అది కాక్సిడియోసిస్ (పేగుల్లో పరాన్నజీవి వల్ల వచ్చే జబ్బు) కావచ్చు, వెంటనే పశువైద్యుడిని పిలవాలి. శుభ్రంగా, గాలి ఆడేలా ఉన్న షెడ్డులో వీటి ప్రభావం అంతంతమాత్రం. ఎండలు మండేటప్పుడు, కోళ్లు ఒత్తుగా ఉన్నప్పుడు కాస్త ఎక్కువగా తెలుస్తుంది. అందుకే ఒకే హేచరీ పిల్లలను మధ్యలో వల కట్టి రెండు వైపులా పెంచి, ఒక వైపే కలిపి చూడండి. ‘మూలికల మిశ్రమం’ అని తప్ప ఏది ఎంత శాతమో రాయని సంచిని నేనైతే షెడ్డు గడప తొక్కనివ్వను.